సుగుణ డబ్బాలో నేను పోసిన అనపలు

ఎనిమిదేళ్లుగా ఒక రేకుడబ్బాను మనసులో మోస్తున్నాను. ఇంక నా వల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముఖం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితంతో పనేముంది?

మా ఇల్లు మదనపల్లెలో. కింద మేము, పైన సుగుణ. మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా. ఆమె గది ముందు మిగిలిన డాబా పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. బట్టలారేసుకోవడానికే చాలదు. అందులో ఆమెకొక తోట ఉంది.

ముందు ఆ తోట సంగతి చెప్పనివ్వండి. తప్పు చెప్పడం వాయిదా వేస్తున్నానని అనుకోకండి. సరే, అనుకోండి, కొంత నిజమే.

టమోటా మండీలో పగిలిపోయి పారేసిన క్రేట్లు ఏరుకొచ్చి, లోపల పాత చీరలు పరిచి, మట్టి నింపింది. పెయింటు బకెట్లలో వంగ, మిరప. నీళ్లడ్రమ్మును రెండుగా కోసి ఒక సగంలో మునగ, ఒక సగంలో కరివేపాకు. బరువంతా గోడల వారనే పెట్టింది, నడుమ స్లాబు మీద ఒక్క బకెట్టు కూడా లేదు. ప్రతి క్రేటు కిందా ఇటుకలు, నీళ్లు నిలవకుండా. కింద ఉండేది నేనే కదా. ఇన్నేళ్లలో మా పైకప్పు మీద చెమ్మ మచ్చ ఒక్కటి రాలేదు. ఎదుటివాళ్ల ఇల్లు చెడకుండా తన తోట పెంచుకోవడం ఎంతమందికి చేతనవుతుంది? వీధిలో ఎవరింట్లో మొక్క వాడినా సుగుణనే పిలుస్తారు. ఆమె చేతి చలవ అంటారు. నేనూ అంటాను. అందరికంటే గట్టిగా నేనే అంటాను, ఎందుకో ఇప్పుడు చెబుతాను.

సుగుణ వాళ్లమ్మ రామకుప్పం దగ్గర ఒక పల్లెలో కూలికి పోయి కూతురిని చదివించింది. ఆమెకున్న ఆస్తి అరెకరం చేను, అందులో వేసే అనప విత్తనం. అనపలంటే, ఈ చిక్కుడు జాతి గింజలంటే, మా వైపు ప్రాణం. గింజలు నానబెట్టి, పైతొక్క పితికి చేసే పితికిపప్పు ఉంటే సంగటి ముద్దలు ఎన్ని దిగుతాయో లెక్కుండదు. అయితే ఆ తల్లి విత్తనం వేరు. మంచు పడితేనే పూసేది. కాయ తాకితే చేతికి జిడ్డు అంటేది, రెండుసార్లు కడిగినా ఆ కమ్మని వాసన పోయేది కాదు. విత్తనం ఒకే ఇంట్లో ఉండకూడదని ఆవిడ పట్టుదల. ఒక ఇంట్లో పురుగు పట్టినా ఇంకో ఇంట్లో బతకాలట.

సుగుణకు రెండేళ్లు కుప్పం బదిలీ అయింది. పోతూ పోతూ, పురుగు పట్టకుండా ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టిన అనపలు ఒక డబ్బాలో తెచ్చి నా చేతిలో పెట్టింది. సగం వాళ్లమ్మ దగ్గర, సగం నా దగ్గర. మా ఇంటిని ఆ రెండో ఇల్లుగా ఎంచుకున్నారు. ఎంత నమ్మకం ఉంటే అలా ఇస్తారు?

ఆ ఎండాకాలంలోనే మాకు కొత్త వియ్యాలవారు వచ్చారు. నాకు నోటి దురద. నా పితికిపప్పు తింటే మళ్లీ హోటలు గడప తొక్కరని ముందే గొప్పలు పోయాను. తీరా చూస్తే ఇంట్లో అనపలు లేవు. అంగట్లో పుచ్చువి తప్ప దొరకలేదు. డబ్బా కనిపించింది. ఒక గుప్పెడే తీద్దామనుకున్నాను. గుప్పెడు ఎవరికి చాలుతుంది? మొత్తం కడిగి నానబోశాను. మట్టి కరిగి నీళ్లు ఎర్రబడుతుంటే ఒక్క క్షణం చేయి ఆగింది. ఆగింది, అంతే. వియ్యపురాలు రెండోసారి వడ్డించుకుంది. అంత కమ్మని పప్పు నేను మళ్లీ వండలేదు. ఎలా వండుతాను, ఆ గింజ ఇంక లేదుగా.

అప్పటికి అది పెద్ద తప్పని తోచలేదు. వాళ్లమ్మ దగ్గర సగం ఉంది, పంట రాగానే నిజం చెప్పి, నవ్వి, ఇంకో శేరు అడుక్కుందామనుకున్నాను. మార్గశిరంలో సుగుణ నుంచి ఫోను వచ్చింది.

"అక్కా, అమ్మ సేన్లో ఏనుగులు పడినాయి. కాయ పట్టిండే పైరంతా తొక్కేసినాయి. విత్తనానికి గుప్పెడు గూడా మిగల్లేదు."

"అయ్యో! అమ్మ ఎట్లుండాది?"

"గట్టుమీద కూకోని ఏడస్తాండాది. యాల ఏడస్తావమ్మా, మదనపల్లెలో అక్క కాడ ఉండాయి గదా అని సెప్పినా. ఉండాయి గదక్కా?"

"ఉండాయి," అన్నాను. "భద్రంగా ఉండాయి."

మళ్లీ వానలు పడకముందే ఆ తల్లి పోయింది. నా మాటతో ఆవిడ ప్రాణం కుదుటపడి పోయిందిలే అని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అలా సర్దిచెప్పుకునేదాన్ని, సుగుణ తిరిగి వస్తోందని తెలిసిన రోజు పుంగనూరు బస్సు ఎందుకెక్కినట్టు? ఇక్కడైతే కొట్లవాళ్లకు నేను తెలుసు. అక్కడి సంతలో నన్ను అడిగేవాళ్లు లేరు. కొన్న అనపలకు నా చేతులతో ఎర్రమట్టి పట్టించాను. ఎండబెట్టాను. అదే డబ్బాలో, అదే కొలతకు పోశాను. తిన్నది ఆకలి తప్పో, గొప్పల తప్పో అనుకోవచ్చు. ఈ మట్టి పట్టించడం మాత్రం తీరిగ్గా కూర్చుని చేసిన పని. డబ్బా అందుకుని ఆమె కళ్లకద్దుకుంది.

పల్లెలో చేను చూసుకునేవాళ్లు లేరు కనుక డాబా మీదే క్రేట్లలో వేసింది. తీగలు బట్టల తాడు పట్టుకుని పాకాయి. కానీ మంచు పడకుండానే పూశాయి. కాయలు బుట్టలకొద్దీ వచ్చాయి, చేతికి ఏ వాసనా అంటలేదు.

ఒక్కసారైనా ఆమె నన్ను అనుమానించి ఉంటే నాకింత బాధ ఉండేది కాదేమో. మట్టిని అనుమానించింది. వాళ్లమ్మ చేనులో ఎర్రమట్టి సంచీకెత్తి, సెలవు దొరికినప్పుడల్లా రామకుప్పం నుంచి బస్సులో మోసుకొచ్చింది. కండక్టరు గొణిగితే సంచీని ఒళ్లో పెట్టుకుని కూర్చునేదట. తర్వాత కుళాయి నీళ్లను అనుమానించింది, వాననీళ్లు పట్టడం మొదలుపెట్టింది. తర్వాత వీధిదీపాన్ని. రాత్రి కూడా వెలుతురుంటే పైరుకు చలికాలం ఎట్లా తెలుస్తుందని, రోజూ దీపాలవేళకు పాత చీరలు కప్పి తెల్లవారి తీసేది. గొర్రె ఎరువు తెచ్చింది, వేపచెక్క వేసింది. ఆ వెతుకులాటలోనే తక్కిన మొక్కలన్నీ విరగకాశాయి. ఊరు మెచ్చే ఆ తోటంతా, నేను తినేసిన వాసనను ఆమె వెతుక్కుంటూ పెంచింది. మెట్లెక్కి చూసినప్పుడల్లా ఇలాంటి మనిషి ఇంకొకరు ఉంటారా అని మనసారా మెచ్చుకుంటాను. విత్తనం మాట ఎవరైనా ఎత్తితే మాత్రం, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పొయ్యిమీద పాలున్నాయని కిందికి దిగొచ్చేస్తాను.

నిన్న సాయంత్రం ఆమె ఆ డబ్బాతో మా గడపలోకి వచ్చింది.

"విత్తొకటేస్తే సెట్టొకటి మొలుస్తాదా అంటారు. నాకే యాల ఇట్లయిందో తెలీదక్కా. అమ్మ సేతిలో బాగుండె. నీ ఇంట్లో బాగుండె. నా సేతికొచ్చినాకే వాసన పోయె. నా సెయ్యి మంచిది కాదు. ఈతూరి నువ్వెయ్యి."

ఆ చేతులు చూశాను. గోళ్లలో ఎర్రమట్టి. అప్పుడైనా చెప్పొచ్చు కదా? కాఫీ తాగుతావా అని అడిగాను.

అందుకే ఇవాళ ఇది రాస్తున్నాను. దీన్ని చదివి నన్ను క్షమించమని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఆమె కూడా ఏమని క్షమిస్తుంది? ఆ గింజ ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. పైన చెంబుతో నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. డబ్బా నా ముందే ఉంది. ఎనిమిదేళ్లుగా గొంతులో ఆగిన మాట, కనీసం కాగితం మీదైనా పూర్తిగా రాస్తాను.

సుగుణా, నీ చేతిలో ఏ దోషమూ లేదు. మీ అమ్మ విత్తనం నీ చేతికి రానేలేదు. దాన్ని నేను వండి పెట్టేశాను.