మంచం లేదన్న మనిషి

తెలకపల్లి శాంతయ్య లెక్కలో లోకంలో ఏ వస్తువూ లేదు, ఉన్నవన్నీ ముక్కలే. ఈ జబ్బు ఆయనకు శ్రీశైలం నడకలో అంటుకుంది. అచ్చంపేట సత్రంలో ఒక బౌద్ధ సన్యాసి, "ఏ వస్తువుకూ తనదంటూ స్వభావం లేదు నాయనా. కారణాలు కూడితే కనబడుతుంది, విడితే పోతుంది" అని చెప్పి తన దారిన తాను పోయాడు. అనుభవించింది మాత్రం ఆయన భార్య జోగులమ్మ.

"రొట్టె తినయ్యా" అంటే, "రొట్టె ఏడున్నదే? పిండి, నీళ్లు, నిప్పు కలిసినయి, గంతే" అనేవాడు.

"అయితే ఆకలి గూడ లేదు పో!" అని ఆమె రొట్టె లాక్కునేది. ఆకలి విషయంలో మాత్రం ఆయన వాదన పెట్టుకునేవాడు కాదు.

గొడ్డలి పిడి ఊడితే, లేని గొడ్డలిని బాగుచేసుడేందన్నాడు. అదీ సహించింది మహాతల్లి. కానీ కూతురు పుష్పమ్మ పురిటికొచ్చి పచ్చి బాలింతగా ఉన్నప్పుడు చేసిన పని ఎవరు సహిస్తారు? ఇంట్లో ఉన్నది ఒక్కటే నులక మంచం. ఆ పొద్దున ఊళ్లోకి పోయొచ్చిన శాంతయ్య, కూతుర్నీ పసిగుడ్డునూ చాప మీదికి దింపి, మంచం విప్పి పారేశాడు.

"నీకేం పొయ్యేకాలమయ్యా! వానకు నేలంత చెమ్మ. బిడ్డ ఏడ పండాలె?"

"మంచం ఏదో సూపియ్యి. ఇది పట్టె, ఇది కోడు, అది నులక..."

"నీ నెత్తి!"

జోగులమ్మ తిట్లకు వాడకట్టంతా బయటికొచ్చింది. అంతలో పోలీసు పటేలు మనిషి వెంకటన్న గుమ్మంలో నిలబడ్డాడు. వెనుక జనం నెత్తిన మంచాలు. దొరలు దౌరాకని ఊళ్లు తిరగడానికొస్తే, వాళ్ల బసకు ఇళ్లలో మంచాలు గుంజుకుపోవడం అప్పటి రివాజు. పోయిన మంచం తిరిగొచ్చిందే లేదు.

"మంచమియ్యి, శాంతన్నా."

"ఏడున్నదో సూడు."

"ఉన్నదాన్ని గిట్ల ముక్కలు జేసిండు, ఈయన పాడుగాను!" జోగులమ్మ మండిపడింది. "నువ్వన్న అడుగు వెంకటన్నా! బాలింత నేల మీద పండాల్నా?"

వెంకటన్న కుప్పను చూశాడు. అల్లాలంటే పూటంతా పడుతుంది. దొర పొలిమేరలోకి వచ్చేశాడు.

"ఈ ముక్కలు నాకెందుకు! ఈయనతోని ఎట్ల ఏగుతున్నవక్కా" అని జాలిపడి వెళ్లిపోయాడు.

జోగులమ్మ నోరు ఠక్కున ఆగింది. చాప కింద మందంగా గడ్డి, దాని మీద ఆయన గొంగడి పరిచి ఉండడం అప్పుడు కనబడింది.

"దొరొస్తుండని ముందుగాల చెప్తే ఏం పోయింది నీకు?"

"చెప్తే గంత మంచిగ తిడుతుంటివా? నీ తిట్లు ఇనే నమ్మిండు."

ఆమె కోపం రెట్టింపయింది. మంచాలు మోసేవాళ్లు ఊరు దాటాక, ఆ కోపంతోనే నులక కొస పట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ బిగించి అల్లారు. పుష్పమ్మ పిల్లతో ఎక్కి పడుకుంది.

"ఇగ చెప్పు. ఉన్నదా మంచం?"

శాంతయ్య గడ్డం గోక్కున్నాడు. "పట్టెలు, కోళ్లు, నులక, నీ తిట్లు. ఇన్ని కారణాలు కూడినయి గద, ఉన్నట్టే కనబడుతున్నది."

"నా తిట్లు కనబడుడు గాదయ్యా, ఉన్నయి!" అంది జోగులమ్మ.

దీనికి కూడా ఆయన వాదన పెట్టుకోలేదు.