వెంకటరాయప్ప రెండోసారి చూసిన సినిమా

కన్నడ సీమలోని పరగోడులో వెంకటరాయప్ప అంటే నీళ్లు చూసే వెంకటరాయప్ప. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని, చెప్పులు గట్టున విడిచి, చేనంతా మెల్లగా నడిచేవాడు. ఎక్కడ టెంకాయ తనంతట తాను లేచి నిలబడితే అక్కడ మడమతో గీత గీసి, "ఈడ వెయ్యండప్పా" అనేవాడు. మరునాడు ఆ గీత మీదికి బోరు లారీ వచ్చేది. బాగేపల్లి తాలూకా ఊళ్లవాళ్లే కాదు, గుడిబండె వైపు వాళ్లు కూడా ఆయన్ని పిలుచుకుపోయేవాళ్లు. అంత చేసి రూపాయి ముట్టేవాడు కాదు. ఆ టెంకాయా, రెండు ఆకులూ, ఒక వక్కా ఇస్తే చాలు. ఆ గొప్ప కోసమే తీసుకోడని భార్య మునివెంకటమ్మ అంటుంది. పెళ్లాం మాట కదా, కాస్త నిజం ఉండే ఉంటుంది.

మనిషి మంచివాడే గాని కోపం ముక్కు మీద ఉంటుంది. తొమ్మిదేళ్లుగా ఆ కోపంలో సగం ఒక సినిమా మీదే. అదొక కన్నడ సినిమా. ప్రశస్తులు, అంటే అవార్డులు వచ్చాయి, పేపర్లన్నీ ఆకాశానికెత్తాయి. వెంకటరాయప్ప దాని పేరు నోటితో పలకడు కాబట్టి ఇక్కడా రాయడం లేదు. అందులో నీళ్లు లేని ఒక ఊరు, టెంకాయ పట్టుకుని బోరుకు చోటు చూపించే ఒక ముసలాయన. ఆయన చూపిన చోట ఎంత లోతుకు పోయినా దుమ్మే వస్తుంది. కథ అంతే.

కథ అంతే అయినా, వెంకటరాయప్పకు అది తన కథలాగే తగిలింది. ఆ సినిమా రావడానికి ముందు ఏడాదే మునిశామప్ప చేలో బోరు పోయింది. మునిశామప్పది అదే ఊరు, ఆ చివర ఇల్లు. ఇద్దరూ ఒకే ఏడాది బడిలో చేరి, ఒకే ఏడాది మానేసినవాళ్లు. చుట్టరికం వెతికినా దొరకదు గాని "బావా" అంటే "బావా" అని పిలుచుకునేవాళ్లు. అలాంటివాడి చేలో టెంకాయ నిటారుగా లేచింది. లారీ పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి పదకొండు వందల అడుగులు దించింది. తెల్లటి దుమ్ము తప్ప చుక్క తడి లేదు. మునిశామప్ప ఒక్క మాట కూడా అనలేదు. కండువా భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. వారం తర్వాత ఇద్దరూ మళ్లీ ఎప్పటిలాగే కలిసి తిరిగారు. బోరు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

అదిగో, అలా ఉండగా ఒకరోజు మునిశామప్ప వచ్చి, "బావా, బాగేపల్లిలో మంచి సినిమా వేస్తాండారు, పోదాం రా" అన్నాడు. వెంకటరాయప్ప ఉతికిన చొక్కా వేసుకుని మరీ వెళ్లాడు. హాలు నిండిపోయింది. తెర మీద ముసలాయన టెంకాయ చేతిలోకి తీసుకోగానే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో తెలిసినవాడు, "వెంకటరాయప్పా, నీ బొమ్మనే వేసినారు కదప్పా!" అని అరిచాడు. హాలంతా గొల్లుమంది. అక్కడినుంచి ముసలాయన టెంకాయ పట్టినప్పుడల్లా నవ్వే. వెంకటరాయప్ప తెర వైపు చూడలేక తల వంచుకున్నాడు. తెర మీద ఏదో బరువుగా దొర్లుతున్న చప్పుడైనప్పుడు పక్కకు తిరిగి చూస్తే, చీకట్లో మునిశామప్ప కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి.

ఊరంతా నవ్వినా తట్టుకునేవాడేమో గాని, ఆ భుజాలు చూసి తట్టుకోలేకపోయాడు. బయటికి రాగానే బస్టాండులో అందరి ముందూ అడిగేశాడు.

"ఇందుకేనా నన్ను పిల్చుకొచ్చింది? నా మొకమ్మీద నగేదానికా?"

"కాదు బావా, నా మాట విను..."

"ఏం వినేది? నీ బోరు పోయినందుకు ఇంతమంది ముందర నా మానం తీస్తివి."

మునిశామప్ప చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని వేరే బస్సెక్కాడు. ఆ రోజుతో మాటలు పోయాయి, రాకపోకలు పోయాయి. టెంకాయ పట్టడం కూడా మానేశాడు. ఎవరైనా పిలవడానికి వస్తే, "ఆ సినిమా తీసినోళ్లనే పిల్చుకోండి పోండి" అని పంపించేవాడు. టీ అంగడి దగ్గర ఎవరైనా ఆ సినిమా బాగుందంటే చాలు, దాన్ని ఉతికి ఆరేసేవాడు. "రైతును నగులాటకి తీసినోళ్లకి ప్రశస్తి అంట!" అనేవాడు. మునిశామప్ప కూతురి పెళ్లికి భార్య ఒక్కదాన్నే పంపాడు. ఆ రోజు ఇంట్లో కూర్చుని మేళం వింటుంటే ముద్ద దిగలేదు. కోపం ఉంది, నిజమే. కానీ ఊళ్లో అంతమంది ఉన్నా, మనసులో మాట చెప్పుకోడానికి ఒక్కడూ లేకుండా పోయాడు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవాల్సినవాడు మునిశామప్పే కదా మరి.

ఈ ఏడు జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం సన్నగా వాన పట్టింది. విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తూ మొగుడూ పెళ్లాం నడవలో కూర్చున్నారు. మునివెంకటమ్మ టీవీ పెట్టింది. అదే సినిమా.

"ఆపు దాన్ని" అన్నాడు వెంకటరాయప్ప.

"నేను చూడల్ల. నీకు వద్దంటే ఆ పక్క తిరుక్కో."

తిరిగి కూర్చున్నాడు. వీపు టీవీ వైపు పెట్టినా చెవులు మూసుకోలేకపోయాడు. మాటలు వింటూనే కథ ఎక్కడికి వచ్చిందో తెలిసిపోతోంది. ఇదిగో, ఇప్పుడు ముసలాయన టెంకాయ తీస్తాడు, ఇప్పుడు నవ్వుతారు అని పళ్లు బిగబట్టాడు. నవ్వు రాలేదు. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. మెల్లగా మెడ తిప్పి భార్యను చూశాడు. ఆమె నవ్వడం లేదు. ఒలవడం ఆపి కళ్లప్పగించి చూస్తోంది.

అప్పుడు తెర వైపు తిరిగాడు. ముసలాయన చెప్పులు గట్టున విడిచాడు. టెంకాయ పీచు కొసను వేళ్ల వైపు పెట్టుకున్నాడు, బొటనవేలు ఎడంగా తీశాడు. సరిగ్గా అలాగే పట్టాలి. ఎవరో తెలిసినవాడి దగ్గర కూర్చుని శ్రద్ధగా నేర్చుకుంటే తప్ప అది రాదు. నవ్వులాటకు తీసేవాళ్లకు అంత శ్రద్ధ ఎందుకు? ఆ నవ్వంతా హాల్లోది, సినిమాలో లేనే లేదు. ఈ ముక్క తట్టేసరికి వెంకటరాయప్పకు తన మీద తనకే ఒళ్లు మండింది. ఒళ్లోని కాయలు కింద పోసి టీవీ ముందుకు జరిగాడు.

బోరు పోయింది. లారీ వెళ్లిపోయింది. చేను గల రైతు మాటా పలుకూ లేకుండా ఇంటిదారి పట్టాడు. ముసలాయన ఒక్కడే మిగిలాడు. కాసేపు నిలబడి, గట్టు మీద ఉన్న ఒక బండను దొర్లించుకుంటూ వచ్చి, ఏ దూడో ఏ బిడ్డో పడకుండా ఆ గుంతకు మూత పెట్టాడు. పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు.

మునిశామప్ప చేలో ఆ సాయంత్రం వెంకటరాయప్ప చేసింది కూడా అదే. ఎవరూ చూడలేదనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చూస్తుంటే కళ్లల్లో నీళ్లు వచ్చాయి. కండువా తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పెట్టుకుని, ఉలిక్కిపడ్డాడు. హాల్లో మునిశామప్ప భుజాలు కదిలింది ఈ చోటే, ఈ బండ దొర్లే చప్పుడుకే. ఇక్కడ నవ్వేవాడు ఎవడుంటాడు?

"మునెమ్మా, వాడు నగలేదే."

"ఎవురు?"

"మునిశామప్ప. ఆ పొద్దు నగలేదు వాడు. ఏడ్చినాడు."

మునివెంకటమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "అది నాకేంటికి చెప్తావు? వాడికే పోయి చెప్పు, పో."

గోనెసంచి నెత్తిన కప్పుకుని వానలోనే వెళ్లాడు. మునిశామప్ప కొట్టంలో ఆవులకు మేత వేస్తున్నాడు. గడపలో వెంకటరాయప్పను చూసి చేతిలో గడ్డి అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"బావా, ఆ పొద్దు హాల్లో నువ్వు ఏడ్చినావా?"

ఏ పొద్దు అని మునిశామప్ప అడగలేదు. గడ్డి కింద పెట్టాడు.

"నేను ఆ సినిమా అంతకు ముందే ఒక తూరి చూసింటి, చింతామణి టౌనులో. ఆ ముసలాయన గుంతకి బండ మూసేది చూసి నాకు కూచోనీకి కాలేదు. బోరు పోయిన మరుసటి పొద్దు మా చేలో అట్లే బండ ఉండాది. ఎవురు మూసినారో నాకు తెలీదా? నిన్ను ఒక్కణ్ణే ఆడ ఇడిసిపెట్టి ఇంటికి వచ్చేసినా కదా. నోటితో చెప్పేదానికి నాకు చేతకాలేదు. సినిమా చూపిస్తే నీకే తెలుస్తాదిలే అనుకుంటి."

"నాకేం తెలిసింది, నా మొకం!"

"చెప్పేదానికి వస్తే కొట్టేట్టు మీదికి వస్తివి."

"మళ్లా ఒక తూరి రాకూడదా?"

"నువ్వు ఆ సినిమాని తిట్టేది విని, నిన్ను ఆడ ఇడిసిపెట్టి వచ్చినందుకు నన్నే తిడ్తాండావనుకుంటి. ఏ మొకం పెట్టుకోని వచ్చేది?"

ఆ సాయంత్రం చేలో నువ్వు నా పక్కన ఉంటే బాగుండునని అనుకున్నా, అంతకుమించి నీ మీద ఏ కోపమూ లేదు అని వెంకటరాయప్ప చెప్పాలనుకున్నాడు. చెప్పాడు కూడా. చెప్పేసరికి ఒళ్లు తేలికైంది. మునిశామప్ప కండువా కొసతో కళ్లు తుడుచుకున్నాడు, ఈసారి ముఖం దాచుకోకుండానే.

తర్వాత వెంకటరాయప్ప గోనెసంచిని విప్పి ఇద్దరి నెత్తి మీదికీ వచ్చేలా పట్టుకున్నాడు.

"రా బావా, మా ఇంటికి పోదాం. సినిమా ఇంకా అయిపోలేదు."