షెడ్డు గేటు దగ్గర వేపచెట్టు

మా ముందుగదిలో బల్ల మీద తిరిగే బుల్లి రైలుకి నెలరోజులుగా ఇంజన్ షెడ్డు కడుతున్నాను. ఇంట్లోవాళ్లు దీన్ని ఒక జబ్బు కింద జమకట్టి వదిలేశారు. డీజిల్ పోసే పంపు, ఇంజన్ కిందికి దిగి చూసే గొయ్యి, కడిగే చోటు, ఇసుక నింపే తొట్టి, అన్నీ ఈ రోజుతో పూర్తయ్యాయి.

సరిగ్గా అప్పుడే పక్కింటి మస్తాన్‌బీ పిన్నిగారు మా మేడ మీద మిరపకాయలు ఎండబోసుకోవడానికి తాళంచెవి అడగడానికి వచ్చారు. వాళ్లాయన రైలింజన్ డ్రైవరుగా చేసేవారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ వంగి షెడ్డంతా చూశారు. మెచ్చుకుంటారేమోనని నేను కాచుక్కూర్చున్నాను.

"ఇంజన్లకి అన్నీ పెట్టావు గానీ అబ్బాయ్, గేటు దగ్గర నీడేదీ?" అన్నారు.

"అక్కడ నీడ ఎవరికండీ?"

"నాకే. మీ బాబాయికి క్యారేజీ పట్టుకెళ్లి గేటు బయట ఎండలో నిలబడేదాన్ని. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ఆయన ఎప్పుడొస్తాడో తెలిసేది కాదు."

ఇన్నాళ్లూ నేను ఇంజన్ల ఆకలిదప్పులే చూశానన్నమాట. చేలోంచి తెచ్చి పెట్టుకున్న పత్తికట్టె పుల్లకి ఆకుపచ్చ స్పాంజి ముక్కలు అంటించి, గేటు పక్కన వేపచెట్టు నాటాను.

తాళంచెవి తీసుకుని గుమ్మం దాకా వెళ్లిన ఆవిడ వెనక్కి తిరిగి చూశారు.

"కొంచెం ఇవతలికి జరుపు. మధ్యాహ్నం నీడ అటు పడుద్ది."

జరిపాను. బంక ఇంకా ఆరలేదు. మీ ఇళ్లల్లో అలా గేటు బయట నిలబడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. చెట్టు కింద ఇంకా చోటుంది.