పసుపు మెట్లు

పొద్దున షట్టరు ఎత్తి బటన్ నొక్కగానే ప్రింటరు లోపల దగ్గులాంటి చప్పుడొకటి వస్తుంది. కాసేపు గిర్రుమని అటూ ఇటూ తిరిగి, ఒక కాగితాన్ని మెల్లగా బయటికి తోస్తుంది. దాని మీద నాలుగు రంగుల్లో సన్నటి గీతలు చిన్న చిన్న మెట్లలా ఉంటాయి. తడి ఇంకు వాసన ముక్కుకు తగలగానే నాకు సైదా బాబాయ్ గుర్తొస్తాడు. వెంటనే నేను చేసిన పనీ గుర్తొస్తుంది. మొదటిది వచ్చి రెండోది రాకుండా ఉన్న రోజు ఇంతవరకూ లేదు.

నరసరావుపేటలో కోర్టు ఎదురు సందులో నాది చిన్న జిరాక్సు, డీటీపీ షాపు. సైదా బాబాయ్ ఆ సందు మొత్తానికీ మెకానిక్కు. ఒకప్పుడు టైపు మిషన్లు బాగుచేసేవాడట, అవి మూలనపడ్డాక ప్రింటర్లు పట్టుకున్నాడు. నాకు చుట్టమేమీ కాదు, సందంతా బాబాయ్ అంటే నేనూ అన్నాను. కొత్తగా కొన్న కలర్ ప్రింటరును బల్ల మీద పెట్టి ఇంకు పోయబోతుంటే గుమ్మంలోంచే కేకేశాడు.

“ఆగమ్మాయ్! బల్ల వాలుగుందో లేదో చూసుకోకుండా పోస్తన్నావేంది?”

గ్లాసు నిండా నీళ్లు తెప్పించి బల్ల మీద పెట్టాడు. నీళ్లు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. బల్లకాలి కింద అట్టముక్క మడిచి పెట్టి, గ్లాసు సరిగ్గా నిలిచాకే సీసా మూత తియ్యనిచ్చాడు. మా రోడ్డున పత్తి లారీలు పోతుంటాయి కాబట్టి, నూగు లోపలికి పోయి కాగితం లాగే రబ్బరు చక్రాలకు చుట్టుకుంటుందని చెప్పి రోజూ తడిగుడ్డతో తుడవమన్నాడు. సాయంత్రం నేను గోడ స్విచ్చి మీద చెయ్యి వెయ్యబోతే మళ్లీ అరిచాడు. “ముందు బటన్ నొక్కు. అది తన చోటుకు పోయి పండుకోవాల. అప్పుడు స్విచ్చి తియ్యి. మనిషిని నిలబెట్టి నిద్రపొమ్మంటే ఎట్టా?” నాకు నవ్వొచ్చింది, కానీ ఆ అలవాటు ఈనాటికీ తప్పలేదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పింది పొద్దున పేజీ గురించి. మా ఎండలకు నాలుగు రోజులు వాడకపోతే ఇంకు సన్నటి రంధ్రాల్లోనే ఎండిపోతుంది. అందుకని రోజూ ఒక పేజీ తీసి, ఏ రంగు మెట్టయినా తెగిందేమో చూసుకోవాలి. ఆయన వచ్చినప్పుడల్లా ఆ కాగితం నా చేతిలో పెట్టి, “చదువమ్మా” అనేవాడు. నేను బడిపిల్లలా చదివేదాన్ని. “నలుపు నిండుగా ఉంది. నీలం నిండుగా ఉంది. గులాబీ ఒక మెట్టు తెగింది.”

“పసుపు?”

“బాగుంది బాబాయ్.”

“పసుపును తొందరపడి చదవమాక. తెల్లకాగితం మీద అది మోసం చేస్తది. వెలుతురుకు తిప్పి చూసి చెప్పు.”

కాగితాన్ని వాకిట్లోకి తీసుకెళ్లి, వాల్చి, ఒక్కొక్క గీతా చూసి చెప్పేదాన్ని. అంత ఓపిగ్గా నేర్పిన మనిషి నాకు ఇంకొకరు లేరు. స్క్రూలు బల్ల మీదున్నా ఆయన వేళ్లతో తడుముకోవడం నేను చూస్తూనే ఉన్నాను. వయసు కదా అనుకుని ఊరుకున్నాను.

ఒకరోజు మాచర్ల రోడ్డు పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. భార్య చనిపోయింది, మర్నాడే పెద్దకర్మ, పంచడానికి ఫొటో ఉన్న కార్డులు కావాలన్నాడు. ముఖాన పసుపుతో, ఇంత బొట్టుతో ఉన్న ఫొటో అది. ఆమెను అట్లాగే సాగనంపామని చెప్తూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ సమయానికే సైదా బాబాయ్ ప్రింటరు శుభ్రం చేసి పేజీ తీశాడు. షాపు నిండా అప్లికేషన్ల జనం, నా చెవి దగ్గర ఫోను. ఆయన జనం మధ్యలోంచి కాగితం నావైపు చాపాడు.

“ఒక్కసారి చదువమ్మా.”

“నువ్వే చూడు బాబాయ్, ఖాళీ లేదు.”

చాపిన చెయ్యి కాసేపు అట్లాగే ఉంది. తర్వాత కాగితాన్ని మొహం దగ్గరికి తీసుకుని, “బాగానే ఉన్నట్టుంది,” అన్నాడు. కార్డులన్నీ తీసి, ఒక్కటీ పరకాయించకుండా కట్టకట్టి ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన కొడుకులు కట్ట తెచ్చి బల్ల మీద విసిరారు. పైవి కొన్ని తప్ప మిగతా కార్డుల్లో పసుపు పడక ఆమె ముఖం కమిలినట్టు నీలంగా ఉంది. పెద్దాయన మాత్రం అరవలేదు. “దాని మొహాన పసుపు లేకుండా చేశారేందమ్మా,” అన్నాడు. సందులో వాళ్లంతా మూగారు. సైదా బాబాయ్ కూడా వచ్చి నిలబడ్డాడు. నా నోటికి ముందు దొరికిన మాట అనేశాను. “మెకానిక్కు చూసి బాగుందంటేనే వేశానండీ. ఆయనకు చూపు సరిగా ఆనదు.”

అందరూ ఆయనవైపు తిరిగారు. నిన్నే చదవమన్నాను గదమ్మా అని ఒక్కమాట అంటే నా బతుకు బజారున పడేది. ఆయన అనలేదు. “తప్పు నాదే, పెద్దాయనా,” అని చేతులు జోడించి, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత సందులో ఎవరూ ఆయన్ని పిలవలేదు. నేనూ పిలవలేదు, మొహం చెల్లక. రెండు నెలలకు ధైర్యం చేసి ఇంటికి వెళ్తే, మంచం మీద కూర్చుని పాడైన ప్రింటరొకటి తడుముతూ విప్పుతున్నాడు.

“పొద్దున పేజీ తీస్తన్నావా?” అన్నాడు ముందుగానే.

“తీస్తున్నాను. బాబాయ్, ఆ రోజు నువ్వు నాకు చూపించావు...”

“పనిలో ఉన్నావులే. ముందే చెప్పకపోడం నాది తప్పు. చెప్తే పిలవరని భయం.” చేతిలోని స్క్రూను జాగ్రత్తగా మూతలో వేశాడు. “రెండేళ్ల నుంచి పసుపు నాకు కాగితంలో కలిసిపోతా ఉంది. నీ చేత చదివించేది అందుకే. నీకు నేర్పతన్నాననుకున్నావు గదా?”

నేను నేర్చుకున్నదంతా ఆయన నా కళ్లతో పని నెట్టుకొస్తుండగా నేర్చుకున్నదే. సందులో అందరికీ నిజం చెప్తానని ఆ రోజు మనసులో అనుకున్నాను. ఆ వేసవిలోనే ఆయన పోయాడు. అయినా చెప్పలేదు.

ఇప్పటికీ రోజూ పేజీ తీసి వాకిట్లోకి వెళ్లి, వెలుతురుకు వాల్చి, పైకే చదువుతాను. నలుపు నిండుగా ఉంది. నీలం, గులాబీ నిండుగా ఉన్నాయి. పసుపు నిండుగా ఉంది బాబాయ్. మొన్న పక్కషాపు గుమాస్తా విని, “ఎవరితో మేడమ్ మాట్లాడతన్నారు?” అని నవ్వాడు.

“మిషన్‌తో,” అన్నాను. సైదా బాబాయ్‌తో అంటే, ఆ రోజు సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది.