తడి గోనెపట్ట

యాభైల్లో ఒక ఎండాకాలం, మైదుకూరులో బస్సు తప్పిపోయి కడపకు పోయే శెనక్కాయల లారీ ఎక్కినాను. కూర్చోవడానికి ఉత్త పలక, వీపుకు నిటారుగా ఇంకో పలక. నాకూ డ్రైవరుకూ నడుమ ఇంజను మీది రేకు పెనంలా కాలుతోంది. తన కాలి పక్కన దాని మీద ఆయన తడి గోనెపట్ట కప్పుకున్నాడు.

"ఎవరు కట్టినారన్నా ఈ క్యాబిన్?" అని విసుక్కున్నాను.

"ఎవరో చెక్కపని చేసే వడ్లాయనప్పా. కింద నిలబడి కొలత తీసినాడు గానీ, ఎక్కి కూర్చోని చూడల్యా," అని నవ్వినాడు.

నేను కాళ్లు ముడుచుకోవడం చూసినాడు. "కాలుతాండాదా?" అంటూ గోనెపట్టను నా వైపుకు లాగేసినాడు.

"మరి నీకో?"

"నాకు అలవాటేలేప్పా."

కడప దాకా హాయిగా కాళ్లు చాపుకొనే కూర్చున్నాను.

అక్కడ నాకు దారి చూపించడానికి ఆయన కూడా దిగినాడు. పంచె ఎగ్గట్టుకొని ఉన్నాడు. కుడి పిక్క అందరి పిక్కలాగే ఉంది. ఎడమ పిక్క మీద ఒక్క వెంట్రుక లేదు. చర్మం బిగుసుకుపోయి, పొయ్యి మీది కుండ అడుగులా నల్లబడింది.

ఆయన ముఖం ఇప్పుడు గుర్తు లేదు. ఏ బస్సెక్కినా, డ్రైవరు దిగేటప్పుడు మాత్రం నా చూపు ఎడమ కాలి మీదికే పోతుంది.