రెడ్డెమ్మ పెట్టిన పది చింతగింజలు

ఏడు చింతగింజలు అరచేతిలో వేసుకుంటే బరువే తెలియదు. నేను వాటిని ఆరేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేరు చెప్పుకునే ధైర్యమే ఉంటే ఈ మాట ఆరేళ్ల కిందటే చెప్పేవాణ్ణి.

మదనపల్లెలో ఒక ఆసుపత్రి తరఫున పల్లెలు తిరిగేవాణ్ణి. కిడ్నీలు పోయినవాళ్లలో కొందరు డయాలసిస్ ఇంట్లోనే చేసుకుంటారు. పొట్టకు అమర్చిన గొట్టంలోంచి ఒక సంచి ద్రావణం ఎక్కించుకుని, కొన్ని గంటలాగి దించేసుకోవాలి. రోజుకు నాలుగు సంచులు. ఐదో సంచి కూడా పెడితే మేలా కాదా తేల్చడానికి మా పెద్ద డాక్టరు ఒక ట్రయల్ మొదలుపెట్టాడు. మేలంటే ఏమిటి? దేన్ని కొలిచి మేలు అనాలి? అది రోగులనే అడగాలని పైవాళ్ల నియమం. అడిగినట్టు కనిపిస్తే చాలునని మా డాక్టరు నియమం. ఏసీ హాల్లో సమోసాలు తింటూ రోగి మాట వినాలని ఉపన్యాసాలిచ్చే జాతి. ఆ ద్రావణం పెట్టెను ఒక్కడూ ఎత్తి చూసిన పాపాన పోలేదు. వాళ్లను చూసి లోలోపల నవ్వుకునేవాణ్ణి. నేను వాళ్లకంటే తక్కువ రకమని అప్పటికి తెలియదు.

చదువు రానివాళ్లకోసం ఆరు బొమ్మల అట్టలు, పది చింతగింజలు ఇచ్చారు. ప్రాణం నిలవడం, ఇన్‌ఫెక్షన్ రాకపోవడం, ఆసుపత్రిలో పడకపోవడం, రక్తం ఎంత శుభ్రమైందో చెప్పే నంబరు, నీరసం తగ్గడం, తన పని తాను చేసుకోగలగడం. ఏది ఎంత ముఖ్యమనిపిస్తే దానిమీద అన్ని గింజలు పెట్టాలి. నేను ఫోన్లో ఫోటో తీసి పంపాలి.

రెడ్డెమ్మది పుంగనూరు దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి, రెండు పాడి ఆవులు. పొద్దున్నే సంచి దించుకుని, పాలు పిండి, పాల కేంద్రంలో పోసి వచ్చాకే రెండో సంచి ఎక్కించుకునేది. అట్టలు పరిచి గంటసేపు వివరించాను. ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. పదికి పది గింజలూ చివరి అట్టమీద పోసేసింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. చావు దగ్గర పడ్డదానికి ప్రాణం మీద ఒక్క గింజ కూడా లేదా? పేడ ఎత్తుకోవడమా ముఖ్యం? అచ్చం ఇలాగే అనుకున్నాను, మెత్తగా మార్చి చెప్పను. కానీ అసలు కారణం అదేనా? కాదు. గింజలన్నీ ఒకే అట్టమీద ఉంటే, నేను సరిగా వివరించలేదని ఫోటో తిప్పి పంపేవాళ్లు. మళ్లీ ఆ ఎండలో బస్సెక్కి రావాలి. అంతే. వంగి, ఏడు గింజలు తీసి నంబరు అట్టమీద పెట్టాను. మా డాక్టరు మోజంతా ఆ నంబరు మీదే.

"యాలప్పా తీస్తాండావు? అవి నేను పెట్టినవి గదా."

"ఒకేదాని మీద ఇన్ని పెట్టకూడదమ్మా. రూలు."

"నాకు కావాల్సింది ఒగటే గదప్పా. పొద్దన్నే లేసి ఆవుల కాడికి పోవాల. అది లేకపోతే మీ నంబరు పెట్టుకోని నేనేం జేసేది?"

"సరే, అదంతా రాసుకుంటాలేమ్మా."

"రాసుకోప్పా. నాకు గాకపోయినా నా ఎనకాల వచ్చేవోళ్లకన్నా పనికొస్తాది."

అలాంటి రూలేదీ లేదు. నేను ఏమీ రాసుకోలేదు. గింజలు వెనక్కి పెట్టబోతూ ఆమె చెయ్యి చాచింది, అప్పుడే ఫోటో తీశాను. తర్వాత ఆమె గ్లాసుడు పాలిచ్చింది. తాగాను.

పుంగనూరులో అబద్ధమైనా ఆడాల్సి వచ్చింది. కుప్పంలో అదీ లేదు. అక్కడ ఇద్దరు కూడా సొంత పని మీదే ఎక్కువ పెట్టారు. వాళ్లు పక్కకు తిరిగేదాకా ఆగి సర్దేశాను. చివరికి ట్రయల్‌లో కొలవడానికి నంబరు ఒక్కటే ఎంపికైంది. సొంత పని అనే మాటే కాగితాల్లో లేకుండా పోయింది. నేను కదపకపోయినా డాక్టర్లు నంబరునే ఎంచుకునేవాళ్లేమో? ఈ సాకు పట్టుకుని చాలాకాలం హాయిగా నిద్రపోయాను. వేరేలా ఎంచుకునే దారి వాళ్లకు లేకుండా చేసింది నేనేనని ఒప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది.

సగంమందికి నాలుగు సంచులు, సగంమందికి ఐదు అని చీట్లు వేస్తే రెడ్డెమ్మకు ఐదు సంచుల వంతు వచ్చింది. ఆ ఐదోది సరిగ్గా పాలు పిండే వేళకు పడింది. వేళ మార్చకూడదని ఆమెకు గట్టిగా చెప్పింది కూడా నేనే. పాల కేంద్రం ఆమె కోసం ఆగుతుందా? మూడు నెలలు కొట్టుకులాడి ఆవులు రెండూ అమ్మేసింది. ఖాళీ అయిన కొట్టంలో ద్రావణం పెట్టెలు పేర్చుకుంది. నెలనెలా నేను వెళ్లి రక్తం తీసుకొచ్చేవాణ్ణి. నంబరు బాగా పెరిగింది. డాక్టరు పొంగిపోయాడు. ఆవులు పోయాయని రాయడానికి నా ఫారంలో గడి లేదు. నేను వెళ్లినప్పుడల్లా ఆమె పక్కింటివాళ్లను పిలిచి, తన మాట రాసుకుని పోయిన అప్ప ఇతనేనని చూపించేది. నేను తలూపేవాణ్ణి.

రెండేళ్ల కిందట ఆమె పోయింది. చివరిసారి తీసిన నంబరు కూడా బాగానే ఉంది.

ఇప్పుడు నా పని ఏమిటో తెలుసా? రోగుల మాట ఎలా వినాలో నర్సింగు పిల్లలకు పాఠం చెప్పడం. ఆ ఫోటోనే తెరమీద వేస్తాను. ఈ అట్టమీద మూడు గింజలు, ఆ అట్టమీద ఏడు, అంచున రెడ్డెమ్మ చెయ్యి. ఆమె నంబరు వైపు వేలు చూపిస్తోందని పిల్లలు అనుకుంటారు. నేను కాదనను. చప్పట్లు కొడతారు, నేను నమస్కారం పెడతాను. ఇంతకంటే సిగ్గులేని మనిషిని మీరు చూశారా?

క్షమించమని అడగడం లేదు. ఆ హక్కున్న మనిషి లేదు, మీకు ఆ హక్కు లేదు. ఇంత రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది, దానికి కూడా నామీద నాకు అసహ్యంగానే ఉంది. అయినా చెప్తున్నాను. పదికి పది గింజలూ రెడ్డెమ్మ తన పని మీదే పెట్టింది. ఏడు నేను తీశాను.