వరుస మారిందంటే

ఇవాళ పొద్దున కాఫీ తాగుతుంటే, లింగ్విస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్న నా రూమ్‌మేట్ సుజాత ఫ్రిజ్ మీది బోర్డు మీద ఒక చెట్టు గీసింది. వాక్యంలో మాటలు పైనా కిందా మెట్లుగా ఉంటాయట. నోటితో చెప్పేటప్పుడు పైమెట్టు మీదున్నదే ముందు వస్తుందని ఒక సిద్ధాంతం ఉందట.

"మరి ఇంగ్లీష్‌లో 'తిన్నాను' అన్నాకే 'అన్నం' వస్తుంది. మనకి అన్నం ముందెందుకు?" అన్నాను.

"మన అన్నం పైమెట్టుకి జరిగింది కాబట్టి. వరుస ఊరికే మారదే. మారిందంటే పైన ఏదో కదిలినట్టే."

నవ్వేసి ఆఫీస్ కాల్‌లో జాయిన్ అయ్యాను. ఎవరి పని వాళ్లు చెప్పమని మా మేనేజర్ రోజూ ఒకే వరుసలో పిలుస్తాడు. ముందు టీమ్ లీడ్, తర్వాత నేను, నా తర్వాత కిరణ్. కిరణ్ వచ్చి నెలే అయింది. నా పనంతా అతనికి నేర్పమన్నారు, రెండు వారాలుగా కూర్చోబెట్టి నేర్పుతున్నాను, రికార్డింగులతో సహా.

ఇవాళ లీడ్ చెప్పడం అవగానే కిరణ్‌ని పిలిచాడు. అతను చెప్పిందంతా నా పనే. అందరూ అయ్యాక నన్ను పిలిచి, మెత్తగా, "నీకేం తొందర లేదు" అన్నాడు. నాలుగేళ్లలో నాతో ఆ మాట ఎప్పుడూ అనలేదు.

సాయంత్రం సుజాతకి చెప్పాను. సిద్ధాంతాలు ఆఫీసులకి వర్తించవే అంది. అంటూనే బోర్డు మీది చెట్టు తుడిచేసింది. ఈ దేశంలో నా వీసా ఈ ఉద్యోగం మీదే ఉందని దానికీ తెలుసు.

ఇప్పుడే రేపటికి మీటింగ్ ఇన్విటేషన్ వచ్చింది. పదిహేను నిమిషాలు, మేనేజర్, నేను, హెచ్‌ఆర్. కిరణ్ పేరు లేదు.

మీ కాల్‌లో ఇవాళ మిమ్మల్ని ఎన్నోవారిగా పిలిచారు?